పెదవులు చెప్పే పాఠం

మాట వినిపించదు. కానీ కనిపిస్తుంది! వినికిడి లోపం ఉన్నవాళ్లు ఎదుటివారి పెదవుల కదలికను బట్టి మాటను పట్టుకుంటారు. ఆ కష్టమైన విద్యను శాస్త్రవేత్తలు కంప్యూటర్‌కి నేర్పారు. హైదరాబాద్‌ గచ్చిబౌలిలోని ట్రిపుల్‌ఐటీ పరిశోధకులైతే ఇంకో అడుగు ముందుకేసి... ఆ కంప్యూటర్‌తోనే మనుషులకు పాఠాలు చెప్పించే దారి చూపారు.

టీవీలో వార్తలు వస్తున్నప్పుడు రిమోట్‌ తీసుకుని శబ్దం పూర్తిగా తగ్గించేయండి. తెర కింద పరుగెత్తే అక్షరాలవైపు చూడకుండా న్యూస్‌రీడర్‌ పెదవుల్నే గమనించండి. మొదట 'నమస్కారం' అన్నది తెలిసిపోతుంది. అది అందరికీ తెలిసిన మాటే కాబట్టి. ఆ తర్వాత? ఎక్కడో ఒక ఊరి పేరు, ఎవరో ఒక నాయకుడి పేరు దొరికినట్టే దొరికి జారిపోతాయి. రెండు నిమిషాలకే కళ్లు అలసిపోతాయి. ఐదు నిమిషాలకు విసుగొచ్చి శబ్దం పెంచేస్తారు.

శబ్దం పెంచుకునే వీలు లేనివాళ్లకు ఇది ఆట కాదు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా చేయాల్సిన పని. బడిలో టీచరు నల్లబల్లవైపు తిరిగితే పాఠం అక్కడితో ఆగిపోతుంది. ఆఫీసు మీటింగులో ముగ్గురు ఒకేసారి మాట్లాడితే ఎవరి ముఖం చూడాలో తెలియదు. ఇంట్లో అందరూ పకపకా నవ్వుతుంటే ఎందుకో తెలియకపోయినా తాతయ్య కూడా నవ్వేస్తారు. 'ఏమన్నారూ?' అని ప్రతిసారీ అడగలేక!

ఇలాంటివాళ్లు తక్కువేం కాదు. ప్రపంచవ్యాప్తంగా 150 కోట్ల మందికి పైగా ఎంతో కొంత వినికిడి లోపంతో బతుకుతున్నారని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. వాళ్లలో 43 కోట్ల మందికి చికిత్సో, పరికరమో, శిక్షణో తప్పనిసరి. 2050 నాటికి మొత్తం సంఖ్య 250 కోట్లకు చేరవచ్చని అంచనా. మన దేశంలో 2011 జనగణన ప్రకారమే వినికిడి సంబంధమైన వైకల్యం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు.

అందరం చదువుతాం... కొంచెం!

నిజానికి చెవులు చక్కగా పనిచేసేవాళ్లు కూడా తమకు తెలియకుండానే పెదవుల్ని చదువుతారు. పెళ్లి పందిట్లో బ్యాండ్‌మేళం హోరులో ఎదుటివారి మాట అర్థం కావాలంటే ముఖంలోకి చూడాల్సిందే. చుట్టూ రొద పెరిగేకొద్దీ మాటను అర్థం చేసుకోవడంలో కంటి సాయం పెరుగుతుందని 1954లోనే సంబీ, పొలాక్‌ అనే అమెరికన్‌ పరిశోధకులు తేల్చారు.

1976లో హ్యారీ మెక్‌గర్క్‌, జాన్‌ మెక్‌డొనాల్డ్‌ అనే శాస్త్రవేత్తలు ఇంకో వింత బయటపెట్టారు. తెరమీద మనిషి పెదవులు 'గ' అంటున్నాయి. దానికి 'బ' అనే శబ్దం జోడించి వినిపించారు. చూసినవాళ్లలో చాలామందికి వినిపించింది 'గ' కాదు, 'బ' కూడా కాదు... 'ద'! అంటే మాట వినేది చెవులొక్కటే కాదన్నమాట. కళ్లు చెప్పిందీ, చెవులు చెప్పిందీ కలిపి మెదడు ఒక తీర్పు ఇస్తుంది. కొవిడ్‌ రోజుల్లో అందరూ మాస్కులు పెట్టుకున్నప్పుడు వినికిడి తగ్గిన పెద్దవాళ్లు ఒక్కసారిగా ఒంటరివాళ్లైపోవడానికి కారణం ఇదే. మాస్కు గొంతును కాస్త అణచడమే కాదు, పెదవుల్నీ దాచేసింది. అందుకే నోటి దగ్గర పారదర్శకంగా ఉండే మాస్కులు అప్పట్లో వచ్చాయి.

టెలిఫోన్‌ కనిపెట్టిన గ్రాహంబెల్‌ కథ ఈ విషయంలో ఆసక్తికరం. ఆయన తల్లికి వినికిడి లోపం. భార్య మేబెల్‌ చిన్నతనంలోనే జ్వరంవల్ల వినికిడి పోగొట్టుకుంది. ఆమె పెదవుల్ని చదవడంలో దిట్ట. ఆ విద్య గురించి 1895లో ఒక వ్యాసమే రాసింది. భర్త కనిపెట్టిన యంత్రంలో పెదవులు కనిపించవు. ప్రపంచమంతా వాడిన టెలిఫోన్‌ ఆమెకు మాత్రం పనికిరాలేదు!

కోడలా... గోడలా?

పెదవుల్ని చదవడం ఎందుకంత కష్టం? అద్దం ముందు నిలబడి గొంతు బయటికి రాకుండా 'పాట' అనండి. తర్వాత 'బాట' అనండి. ఆపైన 'మాట'. మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుని, ఒకేలా తెరుచుకుంటాయి. చూసేవాళ్లకు మూడూ ఒక్కటే. 'పడి, బడి, మడి' అంతే. ఆఖరికి 'అమ్మ, అబ్బ, అప్ప' కూడా!

ఇవి కనీసం పెదవుల మీద కనిపిస్తాయి. క, గ, హ లాంటివి గొంతు దగ్గరే పుడతాయి. బయటికి ఆనవాలు ఉండదు. అందుకే 'కడప వెళ్లాడు' అన్నా 'గడప దాటాడు' అన్నా మొదటి మాట ఒకేలా కనిపిస్తుంది. 'కోడలు' ఎవరో, 'గోడలు' ఏవో పెదవుల్ని బట్టి చెప్పలేం. త, ద, న, ల పలికేటప్పుడు పనంతా నాలుకదే. దాని కొస పళ్ల వెనక దాక్కుంటుంది. కాబట్టి 'తాత'కూ 'దాత'కూ తేడా తెలియదు.

మన వ్యాకరణ పండితులకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. గొంతులో పుట్టేవి కంఠ్యాలు, పళ్ల దగ్గర పుట్టేవి దంత్యాలు, పెదవుల మీద పుట్టేవి ఓష్ఠ్యాలు అని అక్షరాలను వర్గాలుగా పేర్చి పెట్టారు. పెదవులు తగలకుండా కవిత్వం చెప్పడం ఒక విద్యగా సాగింది. దండి 'దశకుమార చరిత్ర'లో ఒక కుమారుడి పెదవికి గాయమవుతుంది. అందుకని అతడు ప, ఫ, బ, భ, మలు లేకుండా తన కథంతా చెబుతాడు. తెలుగులో 16వ శతాబ్దానికి చెందిన మరింగంటి సింగరాచార్యులు రామకథను అలాగే 'దశరథరాజనందన చరిత్ర'గా రాశారు. నిరోష్ఠ్య కావ్యమంటే అదే. పెదవుల్ని చదివేవారికి అంతకన్నా కఠిన పరీక్ష ఉండదేమో!

పెదవుల మీద ఒకేలా కనిపించే శబ్దాల గుంపును శాస్త్రవేత్తలు 'విజీమ్‌' అంటారు. ఫిషర్‌ అనే పరిశోధకుడు 1968లో పెట్టిన పేరిది. అచ్చుల దగ్గర మాత్రం కాస్త ఊరట. 'ఆ' అంటే నోరు తెరుచుకుంటుంది. 'ఈ' అంటే పెదవులు సాగుతాయి. 'ఊ' అంటే సున్నాలా చుట్టుకుంటాయి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి నిదానంగా, స్పష్టంగా మాట్లాడే తెలుగువారి పెదవుల్లో పట్టుకోవడానికి ఏదో ఒక ఆధారం దొరుకుతుంది. మిగిలిందంతా ఊహే. ముందు ఏం మాట్లాడారు, ఎవరి గురించి, ఏ సందర్భంలో... అన్నీ కలిపి మెదడు ఖాళీలు పూరిస్తుంది. వంటింట్లో 'పప్పు' అన్న మాట ఇట్టే తెలిసిపోతుంది. అదే మాట బ్యాంకులో అంటే తెల్లమొహం వేయాల్సిందే.

యంత్రం నేర్చుకుంది ఇలా...

ఖాళీలు పూరించడమే కీలకమైతే ఆ పని కంప్యూటర్‌ చేయలేదా? 1968లో వచ్చిన '2001: ఏ స్పేస్‌ ఒడిస్సీ' సినిమాలో హాల్‌ అనే కంప్యూటర్‌ వ్యోమగాముల పెదవుల్ని చదివి వాళ్ల రహస్యం పసిగడుతుంది. అప్పటికది కల్పనే. 1984లో ఇల్లినాయ్‌ విశ్వవిద్యాలయంలో ఎరిక్‌ పెటాజన్‌ అనే పరిశోధకుడు పెదవుల కదలికను కంప్యూటర్‌కి అందించి, మాటల్ని గుర్తించే యంత్రానికి అది తోడ్పడుతుందని నిరూపించాడు. ఆ తర్వాత మూడు దశాబ్దాలు నత్తనడకే.

కృత్రిమ మేధ వచ్చాక వేగం పెరిగింది. పద్ధతి వినడానికి తేలికే. వీడియో అంటే సెకనుకు పాతిక ఫొటోల వరస. ప్రతి ఫొటోలో కంప్యూటర్‌ ముందు ముఖాన్ని వెతుకుతుంది. అందులో నోటి భాగాన్ని మాత్రం కత్తిరించుకుంటుంది. ఒక ఫొటోకీ తర్వాతి ఫొటోకీ మధ్య పెదవులు ఎలా మారాయో చూసి 'ఇక్కడ ఈ అక్షరం ఉండొచ్చు' అని ఊహిస్తుంది. ఆ పక్కన వచ్చిన పదాలతో అర్థం పొసుగుతుందో లేదో సరిచూసుకుని చివరి మాట చెబుతుంది. మనిషి చేసేదీ ఇదే. కాకపోతే కంప్యూటర్‌ వేల గంటల వీడియోలు అలసిపోకుండా చూడగలదు.

2016లో ఆక్స్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయం పరిశోధకులు 'లిప్‌నెట్‌' అనే వ్యవస్థను తయారుచేశారు. అది 95 శాతం కచ్చితత్వం సాధించిందని అప్పట్లో పెద్ద వార్త. కానీ అది చదివింది కొద్దిపాటి మాటలతో, ఒకే మూసలో కూర్చిన వాక్యాలను. నిజమైన సంభాషణ అలా ఉండదు కదా! 2017లో ఆక్స్‌ఫర్డ్‌, గూగుల్‌ డీప్‌మైండ్‌ కలిసి బీబీసీ కార్యక్రమాల మీద పరీక్ష పెట్టాయి. కంప్యూటర్‌ వందకు 47 పదాల వరకు సరిగ్గా పట్టుకుంది. అవే వీడియోల్లో కొన్నింటిని పెదవుల్ని చదవడమే వృత్తిగా ఉన్న నిపుణులకు ఇస్తే వాళ్లు చెప్పగలిగింది వందకు 12 పదాలే! 2022లో ఆక్స్‌ఫర్డ్‌ నుంచే వచ్చిన మరో వ్యవస్థ వందకు 23 తప్పుల స్థాయికి చేరింది. ఆ పరిశోధనకు ముందుండి నడిచిన కె.ఆర్‌.ప్రజ్వల్‌ అంతకుముందు మన గచ్చిబౌలి ట్రిపుల్‌ఐటీలో చదువుకున్నవాడే.

గచ్చిబౌలిలో మొదలు...

1998. హైటెక్‌ సిటీలో సైబర్‌ టవర్స్‌ తలుపులు తెరుచుకున్న ఏడాది. కొన్ని కిలోమీటర్ల దూరంలో ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్‌ మొదలైందీ అప్పుడే. అక్కడ దృశ్యాలను కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేసే పరిశోధన కేంద్రం ఒకటుంది. పేరు సీవీఐటీ. ప్రొఫెసర్‌ సి.వి.జవహర్‌ దాని సారథుల్లో ఒకరు. ఆయనతో కలిసి వినయ్‌ నంబూదిరి, విద్యార్థులు ప్రజ్వల్‌, రుద్రభ ముఖోపాధ్యాయ్‌ తదితరులు పెదవుల వెంట పడ్డారు.

వాళ్ల మొదటి ఆలోచన వినికిడి గురించి కాదు, అనువాదం గురించి. ఇంగ్లిష్‌లో చెప్పిన మంచి పాఠాన్ని భారతీయ భాషల్లోకి మారిస్తే గొంతు ఒకటి, పెదవులు ఒకటి అవుతాయి. డబ్బింగ్‌ సినిమా చూసినట్టు ఎబ్బెట్టుగా ఉంటుంది. మాటతోపాటు పెదవుల్నీ మార్చేస్తే? 2019లో అలాంటి వ్యవస్థను వాళ్లు ప్రకటించారు. 2020లో దాన్ని మెరుగుపరిచి 'వేవ్‌టులిప్‌' తెచ్చారు. ఏ మనిషి వీడియో అయినా, ఏ భాషలో గొంతు అయినా ఇస్తే చాలు... ఆ మాటలకు తగ్గట్టు పెదవుల్ని కదిలిస్తుంది. దాని ప్రోగ్రామ్‌ను పరిశోధకులందరికీ అందుబాటులో ఉంచడంతో ప్రపంచమంతా గచ్చిబౌలి పేరు వినిపించింది.

గొంతు నుంచి పెదవులు తెప్పించగలిగినప్పుడు పెదవుల నుంచి గొంతు రప్పించలేమా? 2020లోనే ఆ బృందం 'లిప్‌టువేవ్‌'తో జవాబిచ్చింది. అందరి పెదవులూ ఒకలా కదలవు. అందుకే ఒక్కో మనిషి తీరును విడిగా నేర్పించారు. కెమిస్ట్రీ పాఠాలు, చదరంగం విశ్లేషణలు చెప్పే ఐదుగురి వీడియోలు 120 గంటలు సేకరించి కంప్యూటర్‌కి చూపించారు. దగ్గరివాళ్ల మాట తేలిగ్గా, కొత్తవాళ్ల మాట కష్టంగా అర్థమవుతుందని వినికిడి లోపం ఉన్నవాళ్లు చెప్పేది కూడా ఇదే కదా!

తర్వాత కొత్తవాళ్ల పెదవులనూ చదివేలా పరిశోధన సాగింది. గొంతు పోయినా నోరు కదపగలిగే రోగులకు ఇదొక ఆశ. కండరాలను క్రమంగా నిర్వీర్యం చేసే ఏఎల్‌ఎస్‌ జబ్బుతో మాట పోయిన వ్యక్తి పెదవుల కదలిక నుంచి మాటను పుట్టించి చూపారు 2023లో.

యంత్రమే పంతులమ్మ

అసలు మలుపు ఇక్కడే ఉంది. కంప్యూటర్‌ చదివి చెబుతుంది సరే. కానీ మనిషి ఎల్లకాలం ఎదుటివారి ముఖానికి ఫోను పెట్టుకుని తిరగలేడు. పిల్లలతో ఆడుకునేటప్పుడు, కూరగాయల బండి దగ్గర బేరమాడేటప్పుడు అక్కరకొచ్చేది తన కళ్లే. మరి ఆ కళ్లకు తర్ఫీదు ఇచ్చేదెవరు?

ఇంగ్లండ్‌లాంటి చోట్ల పెద్దయ్యాక వినికిడి తగ్గినవారికి పెదవుల్ని చదవడం నేర్పే తరగతులున్నాయి. మనదగ్గర అవి అరుదు. అరవై ఏళ్లకు చెవులు మొరాయిస్తే ఇంట్లో ఎవరికీ రాని సైగల భాష కొత్తగా నేర్చుకోవడం తేలిక కాదు. ఆన్‌లైన్‌లో పాఠాలున్నా అవి కొద్దే. అవీ ఇంగ్లిష్‌లోనే. పైగా అమెరికా యాస, బ్రిటన్‌ యాస. ఆ యాసలో పెదవులు కదిలే తీరు వేరు. అలాంటి పాఠాలు కొత్తగా తయారుచేయాలంటే రకరకాల మనుషుల్ని కూర్చోబెట్టి వేలకొద్దీ మాటలు, వాక్యాలు చిత్రీకరించాలి. నెలల తరబడి పని. బోలెడు ఖర్చు.

ట్రిపుల్‌ఐటీ బృందం ఉపాయం ఇక్కడ పనికొచ్చింది. ఆదిత్య అగర్వాల్‌, బిపాషా సేన్‌, రుద్రభ, నంబూదిరి, జవహర్‌ కలిసి తయారుచేసిన పద్ధతిలో కెమెరా ముందు ఎవరూ కూర్చోనక్కర్లేదు. కావాల్సిన వాక్యం రాసిస్తే కంప్యూటర్‌ దాన్ని గొంతుగా మారుస్తుంది. ఆ గొంతుకు తగ్గట్టు ఒక ముఖం మీద పెదవుల్ని కదిలిస్తుంది. శబ్దం తీసేస్తే చాలు... పాఠం తయార్‌! ఒకే వాక్యాన్ని ఆడమనిషితో, మగమనిషితో, రకరకాల ముఖాలతో పలికించవచ్చు. యాస మార్చవచ్చు.

అభ్యాసాలు మూడు రకాలు. విడి మాటను చూసి గుర్తుపట్టడం మొదటిది. విషయం ముందే చెప్పి, వాక్యాన్ని చూపించి అదేమిటో అడగడం రెండోది. వాక్యంలో ఒక పదం ఖాళీగా వదిలి దాన్ని పెదవుల్ని బట్టి పూరించమనడం మూడోది. మరి కంప్యూటర్‌ గీసిన పెదవులు నిజమైన పెదవులకు సాటివస్తాయా? ప్రయోగంలో పాల్గొన్నవారికి రెండు రకాల వీడియోలూ ఇచ్చి చూశారు. మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2023లో అమెరికాలో జరిగిన సదస్సుకు సమర్పించిన ఈ పరిశోధన ఇంకా ఊరూరా వాడే యాప్‌ కాదు. కానీ దారి మాత్రం స్పష్టం. పెదవుల్ని చదివే విద్యలో యంత్రం మనిషికి పోటీ కాదు, పంతులమ్మ.

తెలుగు ఎప్పుడు నేర్చుకుంటుంది?

ఇప్పటిదాకా చెప్పుకున్న విజయాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిష్‌వే. కారణం తెలివితేటలు కాదు, ముడిసరుకు. బీబీసీ కార్యక్రమాలకు మాట్లాడిన మాటలే కింద అక్షరాల్లో పడతాయి. పెదవులూ, అక్షరాలూ పక్కపక్కనే దొరుకుతాయి. కంప్యూటర్‌కి అదే పెద్దబాలశిక్ష. తెలుగు కార్యక్రమాలకు తెలుగులోనే సబ్‌టైటిల్స్‌ వేసే అలవాటు మనకు పెద్దగా లేదు.

పోనీ, మనకు సినిమాలకు కొదవలేదు కదా! వాటిని చూపిస్తే? అక్కడే చిక్కు. మన సినిమాల్లో సంభాషణలకు గొంతు తర్వాత కలుపుతారు. చాలామంది కథానాయికలకు తెలుగు రాదు. తెర మీద పెదవులు ఒకరివి, గొంతు ఇంకొకరిది. ఆ పెదవులు చూసి తెలుగు నేర్చుకున్న కంప్యూటర్‌ ఏం చదువుతుందో ఊహించుకోవచ్చు. వార్తలు చదివేవారు, పాఠాలు చెప్పే గురువులు, ఇంటర్వ్యూలు... ఇలాంటి వీడియోలే నికరమైన సరుకు. అవీ కోస్తా, రాయలసీమ, తెలంగాణ, ఉత్తరాంధ్ర... అన్ని యాసల్లో కావాలి. లేదంటే టీవీ తెలుగు తెలిసిన యంత్రం అమ్మమ్మ తెలుగు దగ్గర తడబడుతుంది.

తెలుగు మాటల రికార్డింగులను జనం నుంచి సేకరించే పని ట్రిపుల్‌ఐటీలోని స్పీచ్‌ పరిశోధకులు ఇప్పటికే చేపట్టారు. భారతీయ భాషల కోసం కేంద్రం 2022లో 'భాషిణి' తెచ్చింది. వీటిలో ప్రధానంగా కావాల్సింది గొంతు. పెదవుల్ని చదవాలంటే ముఖం కూడా కావాలి. ముఖం ఇవ్వడమంటే నమ్మకం ఇవ్వడం. ఎందుకంటే ఈ విద్యకు రెండో అంచు కూడా ఉంది.

కత్తికి రెండు వైపులా...

ఎవరి పెదవులతోనైనా ఏ మాటైనా పలికించగల సాంకేతికతతో మోసగాళ్లు అనని మాటను అన్నట్టు చూపించగలరు. డీప్‌ఫేక్‌ల బెడద అదే. ఇక దూరంగా ఉన్నవారి మాటల్ని కెమెరాతో చదివేస్తే ఏకాంతానికి అర్థమేముంటుంది? క్రికెటర్లు మైదానంలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వ్యూహాలు చెప్పుకునేది ఈ భయంతోనే.

తప్పు చదివితే వచ్చే ముప్పూ తక్కువది కాదు. 2006 ఫుట్‌బాల్‌ ప్రపంచకప్‌ ఫైనల్లో జిదాన్‌ ఇటలీ ఆటగాడు మాటరాజీని తలతో కుమ్మాడు. అతనేమన్నాడో తెలుసుకోవడానికి బ్రిటన్‌ పత్రికలు పెదవుల్ని చదివే నిపుణుల్ని పెట్టుకున్నాయి. ఒక్కొక్కరు ఒక్కోలా చదివారు. తాను అనని మాటలు రాశారంటూ మాటరాజీ కోర్టుకెక్కి పరిహారం రాబట్టాడు. ఇద్దరు నిపుణులకే కుదరని ఏకాభిప్రాయం వందకు పాతిక తప్పులు చేసే యంత్రం మాట మీద కుదురుతుందా? ఆసుపత్రిలో డాక్టరు చెప్పిన మందు మోతాదు, కోర్టులో సాక్ష్యం లాంటివి పెదవుల మీద వదిలేయకూడదు. అక్కడ రాత తప్పనిసరి.

ఒక్క దారే కాదు

వినికిడి లోపం ఉన్న అందరికీ పెదవుల్ని చదవడమే పరిష్కారం అనుకుంటే పొరపాటు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో సమావేశమైన ఉపాధ్యాయులు అదే పొరపాటు చేశారు. బధిరుల బడుల్లో సైగల భాష వద్దు, నోటిమాటే నేర్పాలని తీర్మానించారు. దాంతో తరాల తరబడి పిల్లలు తమకు సహజంగా వచ్చే భాషకు దూరమయ్యారు. పుట్టుకతోనే వినికిడి లేని చాలామందికి సైగలే మాతృభాష. మన దేశంలో భారతీయ సంజ్ఞాభాషకోసం 2015లో ఢిల్లీలో ప్రత్యేక కేంద్రం ఏర్పాటైంది. 2021 నాటికి అది 10 వేల పదాల నిఘంటువు తెచ్చింది.

చిన్నపిల్లలకైతే కాక్లియర్‌ ఇంప్లాంట్‌ మరో దారి. ఎంత చిన్న వయసులో చేయిస్తే మాటలు అంత బాగా వస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పథకం కింద పేద పిల్లలకు ఈ శస్త్రచికిత్సలు ఉచితంగా చేయించడం ఎన్నో ఇళ్లలో వెలుగు నింపింది. సికింద్రాబాద్‌ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్‌ జంగ్‌ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా చేసిన ప్రముఖుడి పేరిట వెలసిన సంస్థ అది.

ఇక పెద్దవాళ్ల చేతిలో ఇప్పటికే ఉన్న సాధనం ఫోను. తెలుగు మాటను విని అక్షరాల్లో చూపే సదుపాయం గూగుల్‌ 2017లో తెచ్చింది. ఎదుటివారి మాటల్ని ఎప్పటికప్పుడు తెర మీద రాసిచూపే 'లైవ్‌ ట్రాన్‌స్క్రైబ్‌' 2019లో వచ్చింది. దాని వెనకున్న శాస్త్రవేత్తల్లో ఒకరైన దిమిత్రి కనేవ్‌స్కీ చిన్నతనంలోనే వినికిడి కోల్పోయినవారు. రొద లేని చోట ఈ అక్షరాలు, రొద ఉన్నచోట పెదవులు... రెండూ కలిస్తేనే పూర్తి మాట. హైటెక్‌ సిటీ ఆఫీసుల్లో వీడియో మీటింగుల తెర కింద కనిపించే అక్షరాలు కూడా అలాంటి సాయమే. కెమెరా ఆపేయకుండా ముఖం కనిపించనిస్తే ఆ సాయం రెట్టింపవుతుంది.

మీ ఇంట్లో ఉంటే... ఇలా మాట్లాడండి!

* ముందు భుజం తట్టో, చెయ్యి ఊపో మీవైపు చూసేలా చేయండి. తర్వాతే మాట మొదలుపెట్టండి.

* వెలుతురు మీ ముఖం మీద పడాలి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ ముఖం నీడలో ఉండిపోతుంది.

* అరవకండి. అరిస్తే పెదవుల ఆకారం మారిపోతుంది. మామూలు గొంతుతో, కాస్త నిదానంగా మాట్లాడండి. ఒక్కో అక్షరం సాగదీసినా అర్థం కాదు.

* నోట్లో వక్కపొడి, చేతిలో టీ కప్పు, పెదవులను కప్పే మీసం... మూడూ అడ్డే.

* ముందు విషయం చెప్పండి. 'పెళ్లి గురించి' అని మొదలుపెడితే మిగతాది వాళ్లే అందుకుంటారు.

* అర్థం కాకపోతే అదే మాటను పదిసార్లు చెప్పకండి. వేరే మాటలో చెప్పండి. 'బడి' తెలియకపోతే 'స్కూలు' అనండి.

* పేర్లు, అంకెలు, తేదీలు, మందుల మోతాదు కాగితం మీద రాసివ్వండి.

* నలుగురిలో ఉన్నప్పుడు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. 'ఏం లేదులే... తర్వాత చెబుతా' అన్న మాట మాత్రం ఎప్పుడూ అనకండి. వాళ్లను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది అదే.

తెర తొలగేదాకా...

రేపోమాపో కళ్లజోడు అద్దం మీదే ఎదుటివారి మాటలు అక్షరాలై కనిపించవచ్చు. పెదవుల్ని చూసి, గొంతును విని, రెండూ కలిపి రాసే యంత్రం అందులో ఇమిడిపోవచ్చు. ఇంగ్లిష్‌కు ఆ రోజు ముందుగా వస్తుంది. తెలుగుకు ఎప్పుడు వస్తుందన్నది మన చేతుల్లోనూ ఉంది. మన పాఠాలకు, వార్తలకు తెలుగు అక్షరాలు తోడైతే, అన్ని యాసల ముఖాలూ ఆ యంత్రానికి కనిపిస్తే... అది 'కోడలు' ఎవరో 'గోడలు' ఏవో సందర్భాన్ని బట్టి ఇట్టే చెప్పేస్తుంది.

ఈలోగా ఖర్చులేని సాంకేతికత ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంది. వంటింట్లోంచి కేకేయకుండా హాల్లోకి వచ్చి, ఎదురుగా కూర్చుని, ముఖంలోకి చూస్తూ చెప్పడం. వినికిడి లోపం ఉన్న మనిషికి ఆ రెండు నిమిషాల్లో అందేది ఒక్క మాటే కాదు... తను కూడా ఆ ఇంట్లో ఒకరినన్న ధీమా!